గదికొక దేశం చొప్పున ఇంటిని అలంకరించుకోవచ్చునా?

ప్రశ్న

నమస్కారం. మా ఇంట్లో ఒక హాలు, రెండు పడకగదులు, చదువుకోవడానికి ఒక చిన్న గది ఉన్నాయి. గోడలు పడగొట్టించే ఉద్దేశం లేదు కాని, రంగులు, దీపాలు, సామాను, తివాచీలు, పరదాలు పూర్తిగా మార్చుకోవాలని రెండేళ్లుగా అనుకుంటున్నాము. ఈ రెండేళ్లలో వివిధ దేశాల ఇళ్ల ఫొటోలు కొన్ని వందలు దాచిపెట్టుకున్నాను. వాటిని చూడగా చూడగా ఒక ఆలోచన స్థిరపడింది. హాలు మొరాకో పద్ధతిలోనూ, మా పడకగది జపాన్ పద్ధతిలోనూ, చదువుగది స్కాండినేవియా (స్వీడన్, డెన్మార్క్, నార్వే) పద్ధతిలోనూ, పిల్లల గది మెక్సికో రంగులతోనూ ఉండాలని మా కోరిక. ఒక గది దాటి మరో గదిలో అడుగుపెట్టినప్పుడు దేశం మారినట్టు ఉంటుందని పిల్లలు కూడా ఉత్సాహపడుతున్నారు.

మొదటి అడుగుగా మూడు వస్తువులు కొన్నాము. నేల మీద కూర్చుని వాడుకునే 32 సెంటీమీటర్ల ఎత్తు బల్ల ఒకటి, సన్నని వెదురు చట్రానికి కాగితం అతికించిన గుండ్రటి దీపం ఒకటి, నేల మీద పరిచే కిలిమ్ అనే ఎర్రటి చదునైన నేత ఒకటి. విడివిడిగా చూస్తే మూడూ చాలా అందంగా ఉన్నాయి. ఒక సాయంత్రం మూడింటినీ హాల్లో మా పాత సోఫా ముందు అమర్చి చూసుకుంటే ఏదీ దేనితోనూ పొసగలేదు. బల్ల మీది గ్లాసు అందుకోవాలంటే ప్రతిసారీ నడుము పూర్తిగా వంచవలసి వస్తోంది. కాగితపు దీపం వెలిగించినా పైనున్న ట్యూబులైటు వెలుతురులో అది వెలుగుతున్నట్టే తెలియలేదు. కిలిమ్ మాత్రం ఒక్కటే బాగుంది, అదీ మిగిలిన రెండింటినీ తీసేసిన తరువాత.

ఇంకా ఖర్చు పెట్టకముందే అనుభవజ్ఞుల సలహా తీసుకోవాలని ఈ ప్రశ్న రాస్తున్నాను. గదికొక దేశం అన్న ఆలోచన మొదటికే తప్పా, లేక మేము అమలు చేసిన తీరు తప్పా? పని గోడలతో మొదలుపెట్టాలా, దీపాలతోనా, సామానుతోనా? మా హాలుకు పెద్ద కిటికీ పడమటి వైపు ఉంది, చదువుగది కిటికీ ఉత్తరానికి ఉంది. ఈ వివరం మీకు ఉపయోగపడుతుందేమోనని చెబుతున్నాను.

సమాధానం 1

మీ బల్ల సంగతి ముందు చెబుతాను. నేను ఇంటి అలంకరణ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. వేరే దేశపు పద్ధతిని ఇంట్లోకి తెచ్చుకునేవారిలో ఎక్కువమంది మొదట తడబడేది రంగు దగ్గర కాదు, ఎత్తు దగ్గర. సోఫా మీద కూర్చున్న మనిషి కన్ను నేల నుంచి సుమారు 110, 120 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. నేల మీద కూర్చున్న మనిషి కన్ను 75, 80 సెంటీమీటర్ల దగ్గరే ఆగుతుంది. మీ బల్ల ఈ రెండో మనిషి కోసం చేసినది, మీ సోఫా మొదటి మనిషి కోసం చేసినది. ఆ రెండింటినీ ఎదురెదురుగా పెట్టినప్పుడు రంగులు ఎంత చక్కగా కలిసినా గది కుదురుకోదు.

జపాన్ సంప్రదాయ గదిలో ప్రతి వస్తువూ ఆ కింది కన్ను కోసమే అమరి ఉంటుంది. నేలంతా తతామి పరుస్తారు. వాటిని చాపలని పిలుస్తాము కాని, అవి నిజానికి ఐదారు సెంటీమీటర్ల మందాన గడ్డి దట్టించి, పైన ఇగుస అనే తుంగను పోలిన గడ్డితో నేసిన పలకలు. పొడవు వెడల్పుకు రెట్టింపు ఉంటుంది. ప్రాంతాన్ని బట్టి కొద్ది తేడాలున్నా ఇంచుమించు 180 సెంటీమీటర్ల పొడవు, 90 సెంటీమీటర్ల వెడల్పు అనుకోవచ్చు. అందుకే అక్కడ గది వైశాల్యాన్ని నాలుగున్నర చాపల గది, ఆరు చాపల గది అని చెప్పుకుంటారు. గోడలో తొకొనొమ అనే గూడు ఉంటుంది, అందులో వేలాడదీసిన చిత్రపటమూ దాని కింద పెట్టిన పూల అమరికా నేల మీద కూర్చున్నవారి చూపుకు సూటిగా అందుతాయి. నిలబడి చూసేవారికి ఆ గది సగమే కనిపిస్తుందని నా అభిప్రాయం.

ఇక ఆ గదిలోని ఖాళీ సంగతి. ఫొటోలో మనల్ని ఆకర్షించేది అదే, కాని అది ఎక్కడి నుంచి వచ్చిందో ఫొటోలో పడదు. ఒషిఇరె అని గోడలో కలిసిపోయిన లోతైన అర ఒకటి ఉంటుంది. పొద్దున లేవగానే పరుపులు, దుప్పట్లు మడిచి అందులో సర్ది, తలుపు పక్కకు జరిపేస్తారు. ఆ అర ఉన్నందువల్లనే గది ఖాళీగా ఉంది. కాబట్టి మీ పడకగదికి అన్నిటికంటే ముందు కావలసింది మీ బట్టలూ దుప్పట్లూ పెట్టెలూ అన్నీ పట్టే అలమర. అది నేల నుంచి పైకప్పు దాకా ఉండాలి, తలుపులు గోడ రంగులోనే ఉండాలి, పైకి పిడులు కనిపించకూడదు. అది లేకుండా తక్కువ ఎత్తు మంచం, కాగితపు దీపం తెచ్చిపెడితే వారం తిరిగేసరికి మంచం చుట్టూ సామాను పేరుకుంటుంది, అప్పుడు తక్కువ ఎత్తు మంచం మరింత ఇరుకుగా కనిపిస్తుంది. అసలైన తతామి పరచాలనుకుంటే మాత్రం ఒక హెచ్చరిక. తేమ నిలిచే గదిలో వాటికి బూజు పడుతుంది, సన్నని కాళ్ల కుర్చీలూ మంచాలూ పెడితే గుంటలు పడతాయి.

మొరాకో పద్ధతి వేరే అవసరం నుంచి పుట్టింది. ఫెజ్, మరాకెష్ నగరాల పాత ఇళ్లు వీధివైపు దాదాపు కిటికీలే లేని గోడలతో, లోపల ఆకాశానికి తెరిచిన మండువాతో ఉంటాయి. వెలుగు పైనుంచి మండువాలోకి దిగి, అక్కడి నుంచి గదుల్లోకి పక్కవాటుగా చేరుతుంది. జెల్లిజ్ అనే పలకల పనికి ఆ పక్కవాటు వెలుగులోనే అందం ఉంది. మెరుగు పూసి కాల్చిన మట్టి పలకను పనివారు పదునైన సుత్తితో చిన్న చిన్న ముక్కలుగా చెక్కి, ఆ ముక్కలను బోర్లించి, ఒకదానికొకటి ఆనేటట్టు పేర్చి, వెనకవైపు గచ్చు పోస్తారు. చేత్తో చెక్కినవి కనుక ఏ రెండు ముక్కలూ ఒకే మట్టంలో ఉండవు. పక్క నుంచి వెలుగు పడినప్పుడు ఆ గోడ కదిలే నీటిలా మెరుస్తుంది. అదే పలకను నడినెత్తిన ట్యూబులైటున్న హాల్లో అతికిస్తే ఆ కదలిక కనబడదు, ముక్కల మధ్య ఎగుడుదిగుడు మాత్రమే కనబడుతుంది.

ఇంకొకటి గమనించండి. ఆ ఇళ్లలో నగిషీ విస్తారంగా ఉన్నా దానికొక వరుస ఉంది. చేయి తగిలే, నీరు చిందే అడుగు భాగంలో జెల్లిజ్, దానిపైన గచ్చు, చేయి అందనంత ఎత్తులో దేవదారు చెక్క పని. ఏ పదార్థం ఎక్కడ మన్నుతుందో అక్కడే ఉంది. కైరో పాత ఇళ్ల మష్రబియ జాలీలలో కూడా ఇదే వివేకం కనిపిస్తుంది. కూర్చున్న మనిషి కంటి ఎత్తు దగ్గర సందులు చిన్నవిగా ఉండి ఎండ తీక్షణతను విరుస్తాయి, పైభాగంలో సందులు పెద్దవిగా ఉండి గాలిని రానిస్తాయి. మీ పడమటి కిటికీకి నేను సూచించేది ఇటువంటి చెక్క జాలీనే. మొరాకో దీపాలు, దిండ్లు, ఇత్తడి పళ్లాలు ఎన్ని పెట్టినా సాయంత్రపు ఎండ నేరుగా లోపలికి పడుతున్నంతకాలం ఆ హాలుకు ఆ చల్లదనం రాదు.

మీ ప్రధాన ప్రశ్నకు వస్తాను. గదికొక దేశం అన్న ఆలోచన గదుల లోపల విఫలం కాదు, గుమ్మాల దగ్గర విఫలమవుతుంది. మీరు హాలు మధ్యలో నిలబడి తలుపులన్నీ తెరిచి చూడండి, ఒకేసారి ఎన్ని గదులు కంటపడుతున్నాయో లెక్కపెట్టండి. మూడు గదులు కనిపిస్తే ఆ మూడూ మీ కంటికి ఒకే చిత్రం. కనుక ఇల్లంతటికీ మారకుండా ఉండవలసినవి మూడున్నాయని నేను పనిచేసిన ప్రతి ఇంట్లోనూ చెబుతూ వచ్చాను. నేల ఒకటే ఉండాలి, చెక్క ఛాయ ఒకటే ఉండాలి, సాయంత్రం దీపాల వెలుగు రంగు ఒకటే ఉండాలి. ఈ మూడూ స్థిరంగా ఉంటే గోడ రంగు, నేత, మట్టి సామాను, కూర్చునే ఎత్తు గదికొక రకంగా మారినా ఇల్లు ఒకే ఇల్లుగా నిలబడుతుంది. క్రమం అడిగారు కాబట్టి చెబుతున్నాను: ముందు దీపాలు, తరువాత సామాను దాచుకునే అలమరలు, ఆపైన గోడలు, చివరకు వస్తువులు. మీరు వస్తువులతో మొదలుపెట్టారు, అందువల్ల అవి ఆధారం లేకుండా నిలబడవలసి వచ్చింది.

సమాధానం 2

పై సమాధానంలో వెలుగు గురించి చెప్పినదానికి నా అనుభవం ఒకటి చేర్చాలనిపించింది, ఎందుకంటే మాది కూడా పడమటి కిటికీ ఉన్న హాలే.

స్కాండినేవియా ఇళ్ల ఫొటోలు చూసి మేము హాలు గోడలు నాలుగూ, పైకప్పూ స్వచ్ఛమైన తెలుపు వేయించాము. పరదాలు కూడా పలచటి తెల్లని నారవే. మధ్యాహ్నం వరకు గది చాలా ప్రశాంతంగా ఉండేది. మూడు గంటలు దాటాక మాత్రం గోడ వైపు చూడలేకపోయేవాళ్లం. పుస్తకం తెరిస్తే పేజీ కంటే వెనకున్న గోడే ఎక్కువ వెలిగేది. కళ్లు చికిలించుకుని కూర్చోవడం వల్ల మా అమ్మగారికి రోజూ తలనొప్పి వచ్చేది. తప్పు ఎక్కడుందో నాకు ఆరునెలల తరువాత అర్థమైంది. స్టాక్‌హోమ్ సుమారు 59 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. శీతకాలం నడిమిలో అక్కడ పగటి వెలుగు ఆరు గంటలే ఉంటుంది, సూర్యుడు ఆకాశంలో ఎప్పుడూ దిగువగానే తిరుగుతాడు. మంచి తెల్లని గోడ తన మీద పడిన వెలుగులో 80 శాతానికి పైగా తిరిగి పంపిస్తుంది. కొద్దిపాటి వెలుగును పొదుపుగా గదంతా పంచడానికి వారికి ఆ తెలుపు అవసరం. వెలుగు పొంగిపొర్లే గదిలో అదే తెలుపు బాధ పెడుతుంది. మేము తరువాత సున్నంలో పసుపుమట్టి కలిపిన, మెరుపు లేని ఇసుక రంగు వేయించాము. ఫొటోలో చూపించుకోవడానికి మునుపటి గదే బాగుండేది, కూర్చోవడానికి ఇప్పటి గది బాగుంది.

ఆ తెలుపే స్కాండినేవియా మొత్తం అనుకోవడం కూడా సరికాదు. స్వీడన్‌లో సుండ్‌బోర్న్ అనే ఊళ్లో చిత్రకారుడు కార్ల్ లార్సన్, ఆయన భార్య కరీన్ అలంకరించుకున్న ఇల్లు ఉంది. ఆ ఇంటి నీటిరంగుల చిత్రాలు 1899లో పుస్తకంగా వచ్చి స్వీడన్ ఇళ్ల రుచినే మార్చాయి. అందులోని భోజనాల గది ఎరుపు, ఆకుపచ్చ రంగులతో ఉంటుంది. కరీన్ స్వయంగా నేసిన వస్త్రాలు ఇల్లంతా కనిపిస్తాయి. మీ చదువుగది కిటికీ ఉత్తరానికి ఉందన్నారు. ఆ గదికి లేత రంగు నిజంగానే నప్పుతుంది. అక్కడ తెలుపు వేయించుకోండి, అయితే నీలిఛాయ ఉన్న తెలుపు కాకుండా మీగడ ఛాయ ఉన్నది ఎంచుకోండి.

దీపాల విషయంలో డెన్మార్క్‌కు చెందిన పౌల్ హెనింగ్‌సెన్ 1920ల నుంచి చేసిన కృషి మనందరికీ పనికివస్తుంది. ఆయన దీపాలకు ఒకదాని కింద ఒకటిగా మూడు గొడుగులుంటాయి. కూర్చున్నవారికి ఏ వైపు నుంచీ బల్బు నేరుగా కంటపడకుండా, వెలుగు మాత్రం గొడుగుల మీద పడి మెత్తబడి కిందికి వచ్చేటట్టు వాటి వంపులు లెక్కగట్టాడు. ఆ దీపమే కొనాలని నేను అనడం లేదు. బల్బు కనిపించకూడదు, గదికి ఒక్క పెద్ద దీపం బదులు మూడు నాలుగు చిన్న దీపాలు వేర్వేరు ఎత్తుల్లో ఉండాలి అన్న నియమాన్ని తీసుకోమంటున్నాను. బల్బుల పెట్టె మీద కెల్విన్ సంఖ్య చూడండి. 2700 అయితే వెచ్చని పసుపు వెలుగు, 6500 అయితే నీలిఛాయ తెల్లని వెలుగు. మేము ఇంట్లోని 6500 బల్బులన్నీ తీసి 2700వి పెట్టిన రాత్రి, బూడిదరంగులో కనిపించే మా లేత చెక్క బల్ల మొదటిసారి తేనె రంగులో కనిపించింది. మీ కాగితపు దీపంలో తప్పేమీ లేదు. ట్యూబులైటు ఆర్పి, దానిని నేల నుంచి మీటరు ఎత్తులోపు ఒక మూలన పెట్టి మళ్లీ చూడండి.

మెక్సికో రంగుల గదికి కూడా ఒక మాట. లూయిస్ బరగాన్ 1948లో మెక్సికో నగరంలో కట్టుకున్న తన ఇల్లు 2004 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. గులాబీ గోడలకు ప్రసిద్ధి చెందిన ఆ వాస్తుశిల్పి ఇంట్లో ఎక్కువ గోడలు గరుకైన తెల్లని గచ్చువే. రంగు వేసిన గోడలు కొన్నే, అవి కూడా వెలుగు తగిలి పక్క తెల్లగోడ మీదికి రంగు చిమ్మే చోట ఉన్నాయి. పిల్లల గదిలో నాలుగు గోడలకూ నాలుగు రంగులు వేయకండి. కిటికీకి పక్కనున్న ఒక్క గోడకు ముదురు గులాబీ వేయించి చూడండి, ఎదురుగా ఉన్న తెల్లని గోడ పొద్దుటిపూట లేత గులాబీ అవుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. హాలు మధ్యలో నిలబడి చూశాను. తలుపులు తెరిస్తే రెండు పడకగదులూ చదువుగదిలో సగమూ ఒకేసారి కనిపిస్తున్నాయి. ఈ సంగతి ఇన్నేళ్లుగా నేను గమనించలేదు. నిన్న రాత్రి ట్యూబులైటు ఆర్పి కాగితపు దీపాన్ని పడకగది మూలలో నేల మీద పెట్టాము. కాగితం మడతల నీడలు కూడా కనిపించాయి, పిల్లలు చాలాసేపు దాని చుట్టూనే కూర్చున్నారు.

ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. ఒక దేశపు పద్ధతిని మరో దేశపు పద్ధతితో కలపడం ఆ సంప్రదాయాలను చులకన చేయడం అవుతుందేమోనని నా భార్య అంటోంది. ఆమె మాటను నేను తేలికగా తీసుకోలేకపోతున్నాను. రెండవది, స్నానాల గదికి పలకల బదులు మొరాకో తదెలక్త్ గచ్చు వేయించాలని ఉంది. సాధారణ గోడ మీద అది నిలుస్తుందా?

సమాధానం 3

మీ భార్యగారి సందేహం చాలా విలువైనది. దానికి రెండు భాగాలుగా ఆలోచించి జవాబు చెప్పవలసి ఉంటుంది.

పద్ధతులు కలపడం తప్పు కాదు. మనం ఒక దేశానివిగా గుర్తించే గొప్ప వస్తువుల్లో చాలా వాటి పుట్టుకలోనే కలయిక ఉంది. డెన్మార్క్ కుర్చీ అనగానే చాలామందికి గుర్తొచ్చే, వీపు దగ్గర ఆంగ్ల వై అక్షరం ఆకారంలో చెక్క ఉండే కుర్చీని హాన్స్ వెగ్నర్ 1949లో రూపొందించాడు. చైనా మింగ్ కాలపు కుర్చీల మీద కూర్చున్న డేనిష్ వర్తకుల చిత్రాలు చూసి ఆయన చేసిన వరుస కుర్చీల్లో అది ఒకటి. చేతులనూ వీపునూ కలుపుతూ ఒకే వంపుగా సాగే చెక్క మింగ్ కుర్చీ నుంచి వచ్చింది. కూర్చునే చోట సుమారు 120 మీటర్ల కాగితపు తాడుతో చేసిన అల్లిక మాత్రం డెన్మార్క్‌ది. ఫ్రాన్స్‌కు చెందిన డిజైనర్ షార్లెట్ పెరియాన్ 1940లో జపాన్ ప్రభుత్వ ఆహ్వానం మీద అక్కడికి వెళ్లి, అంతకు మునుపు ఉక్కు గొట్టాలతో రూపొందించిన వాలుకుర్చీని అక్కడ వెదురుతో మళ్లీ చేయించింది. వెదురుకు ఉక్కులా వంగే గుణం లేదు, వేరే స్థితిస్థాపకత ఉంది. ఆమె దానికి తగినట్టు నిర్మాణాన్నే మార్చుకుంది. మీ ఇంట్లో ఉన్న కాగితపు దీపానికి కూడా ఇటువంటి చరిత్రే ఉంది. తండ్రి జపాన్‌కు, తల్లి అమెరికాకు చెందిన శిల్పి ఇసాము నొగుచి 1951లో జపాన్‌లోని గిఫు పట్టణంలో సంప్రదాయ లాంతర్లు చేసేవారి పని చూసి, అదే వెదురు, అదే కాగితం వాడి, లోపల విద్యుత్ బల్బు పెట్టి, అకారి అనే పేరుతో కొత్త ఆకారాలు చేశాడు. ఆ తరహా గుండ్రటి దీపాలు తరువాత ప్రపంచమంతటా వ్యాపించాయి.

వీరంతా పైపై ఆకారాన్ని తీసుకోలేదు, పదార్థం ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకుని తీసుకున్నారు. మన ఇంట్లో చేసే చిన్న పనికి కూడా ఇదే కొలత వాడవచ్చు. ఫలానా వస్తువు ఎందుకు ఆ రూపంలో ఉందో మీ పిల్లలకు చెప్పగలిగితే ఆ వస్తువు మీ ఇంట్లో గౌరవంగా ఉన్నట్టే.

రెండో భాగం కఠినమైనది. అలంకరణ వస్తువులుగా అమ్ముతున్నవాటిలో కొన్ని పూజకు, ప్రార్థనకు, అంత్యక్రియలకు సంబంధించినవి ఉంటాయి. మా ఇంటి గుమ్మం దగ్గర మీటరుకు కొంచెం ఎక్కువ పొడవున్న ఒక అందమైన తివాచీ చాలాకాలం పరిచి ఉండేది. దానికి ఒక కొసన తోరణం లాంటి ఆకారం నేసి ఉంది. ఒకరోజు మా ఇంటికి వచ్చిన పెద్దాయన దాని మీద కాలు పెట్టకుండా పక్క నుంచి దాటి లోపలికి వచ్చారు. భోజనం అయ్యాక, నన్ను నొప్పించకుండా, ఆ తోరణం మసీదులో ప్రార్థన దిశను చూపే మిహ్రాబ్ గూడును సూచిస్తుందని, అది నమాజు కోసం నేసిన తివాచీ అని చెప్పారు. మేము ఎన్నాళ్లుగానో చెప్పులతో తొక్కుతున్నామన్న సంగతి నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. ఆ సాయంత్రమే దానిని శుభ్రం చేయించి గోడకు వేలాడదీశాము. అందువల్ల కొనేటప్పుడు ఇది ఎవరు చేశారు, దేనికి వాడతారు అని అడగడం మానవద్దు. బుద్ధుని తల, దేవతల ముసుగులు, స్మారక స్తంభాలు వంటి వాటిని స్నానాల గదిలోనో చెప్పుల అలమర మీదనో పెట్టకండి. అర్థం తెలియనంతవరకు కొనకపోవడమే మంచిది.

మీ ఎర్రటి కిలిమ్ గురించి కూడా చెప్పాలి. కిలిమ్‌కు తివాచీలా పోగుల గుబురు ఉండదు, అడ్డపోగులే రంగును మోస్తాయి. రంగు మారే చోట నిలువు సందులు ఉన్నాయేమో వెలుగుకు ఎత్తి పట్టుకుని చూడండి. అటువంటి నేతలో ఒక రంగు పోగు గడి అంచు దాకా వచ్చి వెనక్కి తిరుగుతుంది, పక్క రంగుతో ముడిపడదు, అందువల్ల సన్నని చీలిక ఏర్పడుతుంది. అది లోపం కాదు, నేతగాళ్లు ఆ చీలికలు పొడవు కాకుండా ఉండాలనే మెట్లు మెట్లుగా, ఏటవాలు గీతలుగా నమూనాలు వేస్తారు. ఆ మెట్ల నమూనాయే కిలిమ్ ముఖం. ఇంత చదునైన నేత నేల మీద జారుతుంది కనుక కింద రబ్బరు జాలీ పరచండి. సోఫా ముందు కాళ్లు దాని మీదికి వచ్చేటట్టు జరిపితే సోఫా, కిలిమ్ ఒకటవుతాయి. మీ చిన్న బల్లను హాలు నుంచి తీసి పడకగదిలో దీపం పక్కకు చేర్చండి, అక్కడ నేల మీద కూర్చునేవారికి అది సరిపోతుంది.

సమాధానం 4

తదెలక్త్ గురించి మాత్రమే రాస్తున్నాను. ఆ పని నేను రెండు ఇళ్లలో దగ్గరుండి చేయించాను.

ఇది మరాకెష్ ప్రాంతపు సున్నంతో చేసే గచ్చు. గోడకు పట్టించాక అది గట్టిపడుతున్న సమయంలోనే నున్నటి రాయితో గట్టిగా ఒత్తి రుద్దుతారు. తరువాత ఆలివ్ నూనెతో చేసిన నల్ల సబ్బు పూసి మళ్లీ రుద్దుతారు. సబ్బు సున్నంతో కలిసి నీటిలో కరగని పొరగా మారుతుంది, గోడ నీరు పీల్చకపోవడానికి అదే కారణం. రాయి వేసే వేళ చాలా ముఖ్యం. తొందరపడితే గచ్చు లేచిపోతుంది, ఆలస్యమైతే ఎంత రుద్దినా మెరుపు రాదు. మా మొదటి ఇంట్లో పనివారు భోజనానికి వెళ్లివచ్చేలోగా ఒక గోడ ఆరిపోయింది, ఆ గోడ మొత్తం గీకి మళ్లీ వేయవలసి వచ్చింది.

ప్లాస్టిక్ పెయింటు మీద గాని, జిప్సం మీద గాని ఇది నిలవదు. పాత రంగు పూర్తిగా తీసేసి, సున్నపు గచ్చు అడుగుపొర వేయించాలి. ఆమ్లం ఉన్న క్లీనర్లు సున్నాన్ని తినేస్తాయి, కాబట్టి ఇంట్లో శుభ్రం చేసేవారందరికీ ఆ సంగతి చెప్పి ఉంచాలి. గరుకు పీచు వాడకూడదు, తేలికపాటి సబ్బునీరు చాలు, అప్పుడప్పుడు నల్ల సబ్బు పూతను తిరిగి వేస్తూ ఉండాలి. ఇవన్నీ పాటించలేమనుకుంటే షవరు పడే గోడకు పలకలే ఉంచి, నీళ్లు నేరుగా పడని గోడకు మాత్రం తదెలక్త్ వేయించుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ నమస్కారాలు. ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చాము. ఈ నెలలో బల్బులన్నీ 2700 కెల్విన్‌కు మారుస్తున్నాము. పడకగదిలో గోడంత అలమరకు వడ్రంగి కొలతలు తీసుకువెళ్లారు, హాలు కిటికీకి చెక్క జాలీ కూడా ఆయనే చేస్తారు. జాలీ కింది భాగంలో సందులు చిన్నవిగా, పైభాగంలో పెద్దవిగా ఉండాలని కాగితం మీద గీసి ఇచ్చాను. అలమరకూ జాలీకీ చదువుబల్లకూ ఒకే చెక్క వాడమని చెప్పాము. హాలు గోడలకు ఇసుక రంగు, చదువుగదికి మీగడ ఛాయ తెలుపు, పిల్లల గదిలో ఒకే ఒక గులాబీ గోడ. ఆ గోడ ఏదో పిల్లలే ఎంచుకున్నారు. ఆదివారం పొద్దున ఏడు గంటలకు లేచి, తెల్లని అట్టముక్కకు గులాబీ కాగితం అంటించి, ఒక్కొక్క గోడ దగ్గరా పట్టుకుని ఎదుటి గోడ మీద ఛాయ ఎక్కడ ఎక్కువగా పడుతోందో చూశారు.

స్నానాల గదిలో అద్దం ఉన్న గోడకు మాత్రమే తదెలక్త్ వేయిస్తున్నాము. నా భార్య మా కిలిమ్‌ను కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుని చూసింది. మీరు చెప్పిన చీలికలు అందులో ఉన్నాయి.